ఎంగిలి ముక్క

ఇంటికి భోజనానికి పిలిచిన ఫోర్‌మన్ మొహం మీదే కంచం విసిరి కొట్టాడు వెల్డర్. నుదురు చిట్లి, నెత్తురు కళ్లలోకి కారింది. అయినా కసి తీరక, బల్ల దూకి చొక్కా పట్టుకున్నాడు.

"ఒరేయ్, వదలరా! చస్తాడు!" వాళ్ల భాష తెలుసని తోడొచ్చిన బావ నడుం పట్టుకుని లాగాడు.

"చావనీ! కొరికిన మాంసం ముక్క నా కంచంలో పడేస్తాడా? దేశం కాని దేశమొస్తే కుక్కనైపోయానా బావా?"

మరో గుద్దుకి ఫోర్‌మన్ ముందుపళ్లు రెండూ ఊడి బల్ల మీద పడ్డాయి.

అతను చెయ్యెత్తలేదు. నెత్తురు నోటితోనే తన భాషలో ఏదో గొణిగాడు.

"ఏంటంటున్నాడు? తిడుతున్నాడా?"

బావ అతని నడుం వదిలేశాడు. "ఉడికిందో లేదో కొరికి చూసి, బాగుంటేనే ఎదుటివాడికి పెడతారట్రా ఇక్కడ. అదీ సొంతవాళ్లకే. 'ముక్క బాలేదా తమ్ముడూ?' అని అడుగుతున్నాడు."

వెల్డర్ పిడికిలి సడలింది. గిన్నెలోంచి ఓ ముక్క తీసి, సగం కొరికి, మిగతా సగం అతని నోటికి అందించాడు.

ఫోర్‌మన్ నోరు తెరిచాడు. కొరకలేకపోయాడు.