ఊపిరి బిగబట్టే మనిషి

బీపీ పెంచాలి. ఆక్సిజన్ జారకుండా చూడాలి. పెద్ద డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆరో మంచం మనిషి తాలూకు వాళ్లెవరో కనుక్కోవాలి.

చివరి పని కుర్ర డాక్టరమ్మ నర్సుకు వదిలేసింది.

రోడ్డు మీద కుప్పకూలిన ముసలాయన. ఎవరో తెచ్చి దించేసి వెళ్లారు. నోట్లో గొట్టం, చెంపల నిండా ప్లాస్టర్లు. ఆయన బదులు వెంటిలేటరు ఊపిరి పీలుస్తోంది.

"బీపీ మళ్లీ పడింది మేడమ్. ఇంకో సెలైన్ పెట్టనా?"

"క్యాజువాల్టీలో ఎన్ని ఎక్కించారు?"

"పడ్డప్పుడల్లా ఒకటి. మనకు తెలిసిన మంత్రం అదేగా!"

"ఆకలేసినవాడికీ అజీర్తి చేసినవాడికీ ఒకటే వడ్డనా సిస్టర్? ఆ స్కాను మిషను ఇలా జరపండి."

పొట్ట మీద జెల్లు పూసి, పక్కటెముకల కింద ప్రోబు ఆనించింది. చూపంతా తెర మీదే. గుండెకు రక్తం చేర్చే పెద్ద సిర చెయ్యి పెట్టగానే దొరికింది.

ఒంట్లో నీరు తక్కువైతే, వెంటిలేటరు గాలి ఊదినప్పుడల్లా ఆ సిర ఉబ్బి తగ్గాలి. ఇది ఉబ్బింది ఉబ్బినట్టే ఉంది, కదలిక లేదు. ప్రోబు ఛాతీ మీదకు జరిపితే ఊపిరితిత్తుల్లోనూ నీరే.

"నిండిన బిందెలో పోస్తున్నాం సిస్టర్. సెలైన్ ఆపేయండి, ఇక చుక్క కూడా వద్దు. గుండెకు మందు మొదలుపెట్టండి."

"చెయ్యి తిరిగినవారే మేడమ్ మీరు!"

డాక్టరమ్మ చిన్నగా నవ్వుకుంది.

గుండె మాత్రం మందుకు లొంగలేదు. మధ్యాహ్నానికి ఆగిపోయింది.

సాయంత్రం ఆయన భార్య వచ్చింది. పొట్ట మీద ఎండిపోయిన జెల్లు చేత్తో మెల్లగా తుడిచింది.

"నొప్పి తెలిసిందా తల్లీ ఆయనకి?"

"లేదమ్మా, మత్తులోనే ఉన్నారు. ఏం పని చేసేవారు?"

"పనంటే ఏం చెప్పను? మీ కాలేజీలోనే పడుకునేవారు."

"పడుకునేవారా?"

"అదే తల్లీ, కొత్త డాక్టర్లు స్కాను నేర్చుకోడానికి. 'పడుకుని పాఠం చెప్పే మేష్టర్ని లోకంలో నేనొక్కణ్ణే' అని ఇంట్లో ఒకటే కోతలు. నరం దొరక్క పిల్లలు బిక్కమొహాలు వేస్తే, దొరికేదాకా ఊపిరి బిగబట్టేవారట."

డాక్టరమ్మ అప్పుడు చూసింది ఆయన ముఖం.

రేపెప్పుడైనా మీ పొట్ట మీద ఒక డాక్టరు ప్రోబు పెట్టి, తడుముకోకుండా ఆ సిరను పట్టుకుంటే ఆయన్ని ఒక్కసారి తలచుకోండి. ఈ డాక్టరమ్మ మొట్టమొదట దాన్ని పట్టుకున్నదీ ఆ పొట్ట మీదే, తెర వైపు చూస్తూ.