ముప్పయ్యో ఆకు

"ఎన్న మామా ఇదు! ఎవురు చేసినారు ఈ పని?"

వంటింట్లోంచి కోడలు దివ్య అరవం కలిపి వేసిన కేకకు, వాకిట్లో కూర్చున్న వీరప్ప లేచి లోపలికి వచ్చాడు.

బల్ల మీద బిస్కట్లు ఆరుతున్నాయి. అన్నీ ఆకులే. ఎరుపు, పసుపు, నారింజ రంగుల ఐసింగుతో, చలిదేశాల్లో రాలబోయే ముందు పండిన ఆకుల్లా ఉన్నాయి. కాట్పాడిలో చిన్నపిల్లల బడి నడిపే కమలాక్షి చెప్పి చేయించుకుంటున్నవి. పిల్లలకు ఈ వారం ఆకురాలే కాలం గురించి పాఠమట. ముప్పయి మంది పిల్లలకు ముప్పయి ఆకులు. మధ్యాహ్నం ఆమే గుడియాత్తంలోని వీళ్లింటికి వచ్చి తీసుకుపోతానంది.

ఇరవై తొమ్మిదింటికి ఈనెలు గీసి, చివరిదాన్ని అలాగే వదిలి దివ్య మిద్దె మీద బట్టలు ఆరేయడానికి వెళ్లింది. తిరిగొచ్చి చూస్తే ఆ ముప్పయ్యో ఆకు మీద గోధుమరంగు గీతలేవో వంకరటింకరగా ఉన్నాయి.

"నేనేనమ్మా," అన్నాడు వీరప్ప. "ఐసింగు కోను చేతికి దొరికిందని..."

"సిమెంటు పూసిన చేతుల్తో తినే వస్తువును ముట్టుకుంటారా? పురుగులు పాకినట్లుండాది! చిన్నబిడ్డలు తినేది మామా ఇది."

వీరప్ప తన చేతులు చూసుకున్నాడు. నలభై ఏళ్లు తాపీ పట్టిన చేతులు. ఊళ్లో ఎన్ని ఇళ్ల ముంగిట సిమెంటు తీగలూ పూలూ తీర్చాయో లెక్కలేదు.

"కడుక్కోనే ముట్టినానమ్మా," అన్నాడు మెల్లగా.

దివ్య వినలేదు. ఫోన్ తీసి ఆ ఆకును ఫోటో పట్టి, అరక్కోణంలో కట్టడం పనిలో ఉన్న మొగుడికి పంపింది. 'మీ నాయన చేసిన పని చూడు' అని కింద అరవంలో రాసింది. తర్వాత చాకు తీసుకుని, మామ ఎదుటే గీతలను గీకడం మొదలుపెట్టింది. సగం గీకేసరికి ఆకు పుటుక్కున రెండు ముక్కలైంది. ఆ రెండు ముక్కలనూ చెత్తబుట్టలో పడేసింది.

వీరప్ప బుట్ట వంక ఒకసారి చూశాడు.

"సరేమ్మా," అని తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. అన్నం వేళకు కూడా రాలేదు.

కమలాక్షి వచ్చినప్పుడు డబ్బాలో ఇరవై తొమ్మిదే ఉన్నాయి.

"ఒకటి తక్కువైందమ్మా, ఏమనుకోవద్దు. మా మామ పాడు చేసినాడు. చూడండి, ఎట్ల గీతలు గీసి పెట్టినాడో." దివ్య ఫోన్ చూపించింది.

కమలాక్షి కళ్లద్దాలు సవరించుకుంది. ఆమెది చిత్తూరు. ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూసి నవ్వింది.

"గీతలేంది దివ్యా? తెలుగు కదా ఇది! నీ పేరే. దివ్య అని ఎంత ముచ్చటగా రాసినాడు!"

దివ్య ఫోన్ తీసుకుని ఆ గీతలనే మళ్లీ చూసింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆమె బళ్లో చదివింది అరవం. తెలుగు అక్షరం ఒక్కటీ తెలియదు. ఏడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. మామకు తెలుగు రాయడం వచ్చో రాదో ఆమె ఎప్పుడూ అడిగి తెలుసుకోలేదు.

చెత్తబుట్ట ముందు కూర్చుని ఆ రెండు ముక్కలూ బయటికి తీసింది. కాఫీపొడి అంటుకుని ఉంది. గీకగా మిగిలిన గీతల్లో తన పేరు ఎంత ఉందో, ఎంత పోయిందో కూడా ఆమెకు తెలియలేదు. పురుగులన్న మాట చెవుల్లోనే తిరుగుతోంది.

"అమ్మా, నాకొకటి రాసిస్తారా?" అడిగింది. "తప్పు నాదే మామా, మన్నించండి. ఇంతే. నోటితో చెప్పేదానికి నాకు మొగం చెల్లదు."

కమలాక్షి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి, డబ్బా తీసుకుని వెళ్లింది.

ఫ్రిజ్జులో మిగిలిన పిండిని దివ్య వత్తి, ఆకులా కోసి, ఓవెన్‌లో పెట్టింది. ఈసారి పెద్ద ఆకు. చల్లారాక ఎర్రటి ఐసింగు పరిచింది. కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క అక్షరమే దించుకుంటూ పోయింది. సున్న చుట్టబోతే చుక్కలా పడింది. వత్తులు పక్కకు జారాయి. తుడిచి మళ్లీ రాసింది. నాలుగుసార్లు తుడిచింది. అయిదోసారికి చెయ్యి నొప్పిపుట్టింది. ఆయన ఆ ఒక్క మాట రాయడానికి ఎంతసేపు వంగి నిలబడి ఉంటాడో అని అప్పుడు అనిపించింది. కళ్లు తుడుచుకుని అక్షరాలు పూర్తి చేసింది.

పొద్దు వాలుతుండగా వీరప్ప వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. దివ్య పళ్లెంలో ఆకు పెట్టి ఆయన ఒడి ముందు ఉంచింది. పక్కనే నేల మీద కూర్చుంది.

వీరప్ప పళ్లెం పైకెత్తి చాలాసేపు చూశాడు. ఒక్కో అక్షరం దగ్గరా వేలు ఆనీ ఆనకుండా పోనిచ్చాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లడం చూసి దివ్య తల దించుకుంది.

"శానా బాగుండాదమ్మా," అన్నాడు. "ఏం రాసినావు?"

"మీరే చదవండి మామా."

వీరప్ప సిగ్గుపడుతూ నవ్వాడు. "నాకు చదివేది యాడొచ్చు తల్లీ? టీ అంగడి కుమరేశన్ దగ్గర పది దినాలు కూర్చోని నీ పేరొక్కటే నేర్చుకుంటి."