కొండచిలువకు కొత్తిల్లు

"ఇంకా తినలేదా?" కంచె అవతలి నుంచి ఎవరో అడిగారు.

లిందాల్వా తల తిప్పి చూసింది. బక్కపలచని ముసలాయన. చంకలో గుడ్డల మూట. ఈ ఒడ్డున ఎప్పుడూ చూసిన మొహం కాదు.

"తినలేదు. నా ప్రాణం మాత్రం తింటోంది," అంది విసుగ్గా.

ఆమెకు ఓపిక లేదు. పొద్దస్తమానం కర్రపెండలం పిండి వేయించి బస్తాలకెత్తితే, ఎలుకలు దర్జాగా తినిపోతున్నాయి. మొన్న బెలేం పట్నం షావుకారు బస్తా విప్పి, ఎలుక పెంటికలు చూసి, మారు మాట్లాడకుండా పడవెక్కాడు. ఇంకోసారి అలా జరిగితే ఇక ఆ గుమ్మానికి రాడు. భర్త పోయాక ఆమెకున్న ఆధారం ఆ పిండికొట్టు ఒక్కటే.

అందుకే నది ఒడ్డున ఎలుకల బాధ ఉన్నవాళ్ళు చేసే పనే ఆమె కూడా చేసింది. పడవ నడిపే ఆదెమార్‌తో చెప్పి, కొట్లో పెంచుకోవడానికి ఒక కొండచిలువను తెప్పించుకుంది.

వచ్చింది సరే. వేసిన ఎలుకను ముట్టకుండా పెట్టె మూల ముడుచుకుపోయి, మూత తీస్తే చాలు, బుస్సుమంటోంది.

"పెట్టె కడిగావా తల్లీ?" అన్నాడు ముసలాయన.

"రోజూ సబ్బు పెట్టి కడుగుతున్నా. కొత్త కోడలికి కూడా ఇంత చాకిరీ చెయ్యరు."

ఆయన తల పట్టుకున్నాడు.

"అదే తప్పు. దానికి ఇల్లంటే వాసనే. నువ్వు రోజూ దాని ఇల్లు కూలగొడుతున్నావు. నీ చెమట పట్టిన గుడ్డ ఏదైనా ఉతక్కుండా అందులో వెయ్యి. మూత తియ్యకు. చూడ్డానికి ఎవర్నీ రానివ్వకు."

"ఇంత తెలిసినోడివి, లోపలికొచ్చి నువ్వే చెయ్యరాదూ?"

"నేను రాను."

"ఏం, భయమా?"

ఆయన చంకలో మూట సర్దుకున్నాడు.

"అవును. భయమే."

లిందాల్వాకు నవ్వొచ్చింది. చాన్నాళ్ళకు వచ్చిన నవ్వు. పక్కింట్లోంచి వింటున్న జుసారా అయితే పొట్ట పట్టుకుని మరీ నవ్వింది.

"పాముకి పాఠాలు చెప్పే మనిషికి పామంటే భయమట!"

వాదించే ఓపిక లేక లిందాల్వా తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి పెట్టెలో పడేసింది.

మర్నాడూ వచ్చాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, కంచె ఆ కొసన నిలబడ్డాడు.

"పిల్ల తిందా?"

"పిల్లంట! తొడంత లావుంది. తినలేదు. రేపటికీ తినకపోతే తోళ్ళవాడికి ఇచ్చేస్తా. తోలన్నా పనికొస్తుంది."

ఆయన మొహం పాలిపోయింది.

"అంత మాట అనకు తల్లీ. కాస్త ఓపిక పట్టు. కొత్త చోట మనిషికే ముద్ద దిగదు."

"నా విషయంలో ఎవరు ఓపిక పట్టారు?"

అనేసింది గానీ, తోళ్ళవాడికి కబురు పెట్టలేదు.

ఆ సాయంత్రం బెలేం వెళ్ళే పడవ కూత వేసింది. ముసలాయన అటు చూశాడు. అడుగు ముందుకు వేసి, ఆగి, పొట్ట పట్టుకుని కంచె పక్కనే కూలబడ్డాడు.

"ఆ పడవ కోసమే వచ్చావనుకున్నా. ఎక్కలేదేం?" అంది లిందాల్వా.

"మళ్ళీ వస్తుందిలే."

వాన మొదలైంది.

"లోపలికి రా తాతా. వేడి వేడి కాఫీ తాగుదువు గాని."

రాలేదు. కప్పు అక్కడే పెట్టి వెళ్ళమన్నాడు. మొండి ముసలాడు అనుకుని ఆమె తలుపేసుకుంది.

తర్వాత ఒక పొద్దున చూస్తే మూత పక్కకు తోసి ఉంది, పెట్టె ఖాళీ. లిందాల్వా బస్తాల సందుల్లో వెతికింది.

తలెత్తి చూసింది. బస్తాల పైనున్న దూలానికి చుట్టుకుని పడుకుంది కొండచిలువ. నడుం దగ్గర పిడికిలంత ఉబ్బు. భయపడుతూనే చెయ్యి చాపింది. అది బుసకొట్టలేదు. నాలుక ఆడించి, ఆమె ముంజేతి మీద మెల్లగా తల ఆనించింది.

లిందాల్వా కంచె దాకా పరిగెత్తింది.

"తాతా! తినేసింది! నా చేతి మీద తల పెట్టింది!"

"నిజంగానా? బుసకొట్టలేదూ?"

"ఊహూఁ. అలాగే పడుకుండిపోయింది."

ముసలాయన నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంక అది నీదే తల్లీ. జాగ్రత్తగా చూసుకో."

"ఇప్పుడన్నా వచ్చి చూసిపో, పిరికి తాతా! కరవదులే."

ఆయన కొట్టు తలుపు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత మూట చంకన పెట్టుకుని రేవు వైపు నడిచాడు.

ఎలుకలు తగ్గాయి. షావుకారు మళ్ళీ వచ్చి, ఉన్న బస్తాలన్నీ పడవకెత్తించాడు. ఆదెమార్ పడవ ఒడ్డుకు చేరిన రోజు లిందాల్వా ఒక సంచి నిండా కొత్త పిండి పోసుకుని రేవుకు వెళ్ళింది.

"ఆదెమారన్నా, బక్కపలచని తాత ఒకాయన నీ పడవలోనే వెళ్ళాడట కదా. ఇది ఆయనకివ్వు. ఆయన లేకపోతే నా కొట్టు లేదు."

ఆదెమార్ సంచి అందుకోలేదు.

"ఎవరికిచ్చేది? బెలేం ఆసుపత్రిలో కడుపు కోశారు. ముందు పడవకే వచ్చుంటే బతికేవాడన్నారు."

ఆమె సంచి కింద దించింది. దాని మీదే కూర్చుండిపోయింది.

"అయ్యో, వానలో నిలబెట్టేశానన్నా! ఎంత పిలిచినా గడప తొక్కలేదు. పామంటే అంత భయం ఆయనకి."

"పామంటే భయమా?" ఆదెమార్ నది వైపు చూస్తూ అన్నాడు. "గుప్పెడంత పిల్లప్పటి నుంచీ అది ఆయన పడుకునే ఊయల్లోనే పెరిగిందమ్మా. ఆసుపత్రికి వెళ్ళేముందు నాకప్పగించాడు. తన వాసన మళ్ళీ తగిలితే నీ దగ్గర ఇమడదని, దాన్ని పెంచిన మనిషి నీ కంచె అవతలే ఉండిపోయాడు."