ఇంజన్ గది తలుపు

"బావా! తలుపు తియ్యి బావా!"

ఇనుప తలుపు అవతలి నుంచి వచ్చిన ఆ కేక చీఫ్ గుండెల్లో గునపంలా దిగింది. అయినా తలుపు బిగించే చక్రం మీంచి చేతులు తియ్యలేదు.

అది అణుశక్తితో నడిచే జలాంతర్గామి. శత్రువుల ఓడల్ని నీటి అడుగున వెంటాడి వేటాడటం దాని పని. సిబ్బంది దాన్ని ముద్దుగా ముసలమ్మ అంటారు. ఇంజన్లన్నీ చూసుకునే చీఫ్, కొత్తగా చేరినవాళ్లకి ముసలమ్మ గురించి చెప్పి నవ్విస్తుండేవాడు.

"మన ముసలమ్మకి పూటపూటా వండి పెట్టక్కర్లేదర్రా. ముప్పై ఏళ్ల తిండి ఒక్కసారే కూర్చుని తినేసింది!"

నిజమే. మధ్యలో ఇంధనం పోయనక్కర్లేదు. పీల్చే గాలి, తాగే నీళ్లు సముద్రంలోంచే తయారుచేసుకుంటుంది. లోపలున్న మనుషులకి సరుకులు ఉండాలే గానీ, నెలల తరబడి పైకి రాకుండా తిరగగలదు. ఒకసారి శత్రు నౌకల కింద నుంచే, ఎవరి చెవినా పడకుండా వెళ్లి వచ్చింది. ఆ రోజుల్లో కుర్రాళ్లుగా చేరినవాళ్లకి ఇప్పుడు జుట్టు నెరిసింది. ఇదే ముసలమ్మకి ఆఖరి ప్రయాణం. తిరిగి వెళ్లగానే విశ్రాంతి.

చీఫ్ చెప్పే ఈ కబుర్లు వినీ వినీ అతని బావమరిది కూడా ఇదే ఉద్యోగంలో చేరాడు. కరెంటు పని వాడిది. నోరు ఊరుకోదు.

"ముసలమ్మ చప్పుడు ఎవరికీ వినపడదు బావా, ఒప్పుకుంటా. కానీ నీ గురక విని పట్టేస్తారేమో చూసుకో!"

తల్లి పోయిన దగ్గర్నుంచీ వాణ్ని చంకనేసుకుని పెంచింది వాళ్లక్క. ఈసారి బయల్దేరేటప్పుడు గుమ్మంలో నిలబడి భర్తతో అంది.

"ఏమండీ, వాణ్ని మీ చేతుల్లో పెడుతున్నాను. వాడు లేకుండా మీరొక్కరే గుమ్మం ఎక్కారంటే ఊరుకోను."

చీఫ్ నవ్వి, బావమరిది నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు.

ఇవాళ భోజనాలైన కాసేపటికి, ఇంజన్ గదిలో సముద్రపు నీటి పైపు పిడుగు పడ్డట్టు పగిలింది. అంత లోతులో నీళ్లు నీళ్లలా రావు, కత్తుల్లా వస్తాయి. దీపాలు ఆరిపోయాయి. ముసలమ్మని నడిపే అణు రియాక్టర్ దానంతట అదే ఆగిపోయింది. ముసలమ్మ తోక బరువెక్కింది. వెనక్కి ఒరిగి, అడుగుకి జారడం మొదలుపెట్టింది.

ఆ గది తలుపు మూస్తేనే ఓడ బతుకుతుంది. లేకపోతే అందరికీ ఒకటే సమాధి.

బావమరిది తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. చీఫ్ వాడి ఛాతీ మీద చెయ్యేసి ఒక్క తోపు తోశాడు. వాడు వెల్లకిలా పడ్డాడు. వాడు లేచేలోగా తలుపు లాగి, చక్రం బిగించేశాడు.

ఇప్పుడు వాడు తలుపు బాదుతూ, తన వైపున్న చక్రాన్ని వెర్రెత్తినట్టు తిప్పుతున్నాడు. అది ఊరికే గిర్రున తిరుగుతోంది. ఆ వైపు చక్రం పళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. అటునుంచి తలుపు మూతపడదు, తెరుచుకోదు. 'ఆఖరి ప్రయాణానికి మరమ్మతు దేనికయ్యా' అన్నారు ఒడ్డునున్న పెద్దలు.

గోడకున్న ఫోను గరగరలాడింది.

"తలుపు పడిందా?" కెప్టెన్ గొంతు.

"పడింది సార్."

"ఇంజన్ గదిలో ఎవరైనా చిక్కుకున్నారా?"

"ఒక్కడు సార్."

"ఆ కొట్టేదెవరు?"

"నా బావమరిది సార్."

కెప్టెన్ గొంతు తగ్గించాడు.

"ఒక్క క్షణం తీసి, వెంటనే మూసేస్తే..."

"ఈ తలుపు తీస్తే మళ్లీ పడదు సార్. ఒక్క ప్రాణం మిగలదు. ట్యాంకుల్లోకి గాలి వదలండి, నీళ్లు పోయి ఓడ పైకి లేస్తుంది. ఆలస్యం చెయ్యకండి, మీకు దణ్ణం పెడతాను."

"గుండె రాయి చేసుకో" అన్నాడు కెప్టెన్, ఏడుపు ఆపుకుంటూ.

గాలి బుసకొట్టింది. ముసలమ్మ ఒళ్లంతా మూలిగింది. జారడం ఆగింది. అలాగే కాసేపు ఊగిసలాడింది. లేస్తుందో లేవదో.

"నీ కాళ్లు పట్టుకుంటా బావా! తియ్యి! నీళ్లు నిండిపోతాయి!"

చీఫ్ నుదురు ఇనుముకి ఆనించాడు. నోటికి ఉప్పగా తగిలింది.

"ఏడవకురా. ఎంతోసేపు ఉండదులే."

"అక్కకేం చెప్పాలి బావా? అక్కకేం చెప్పాలి?"

ఆవిడ ఈ జన్మకి తనని క్షమించదు. ఆ సంగతి చీఫ్‌కి తెలుసు.

ముసలమ్మ లేచింది. మొదట నెమ్మదిగా, తర్వాత ఒక్క ఊపున. ముక్కు నీళ్లని చీల్చుకుని బయటపడింది. తోక ఇంకా సముద్రంలోనే వేలాడుతోంది. ఫోనులో కేకలు, ఏడుపులు, నవ్వులు అన్నీ కలగలిసి వినపడ్డాయి.

"బతికాం! ఎండ! ఎండరా!"

తలుపు మీద దెబ్బలు ఒక్కొక్కటే నెమ్మదించాయి. ఆగిపోయాయి.

చీఫ్ కళ్లు మూసుకున్నాడు.

"అందరూ ముందు ద్వారంలోంచి బయటికొచ్చేస్తున్నారు" అన్నాడు కెప్టెన్. "నువ్వు చేసింది ఇంకొకడు చెయ్యలేడు. రా, నిచ్చెన దగ్గర నీకోసమే నిలబడ్డాను."

"మీరు పదండి సార్" అన్నాడు చీఫ్.

ఇంజన్ గదిలో నీళ్లు అప్పటికే అతని గడ్డం దాకా వచ్చాయి.