సున్నా ఇంట్లో మూడో మనిషి

కాకినాడలో పాత ఇళ్లన్నీ సున్నా ఇళ్లుగా మారుతున్న కాలమది. సున్నా ఇల్లంటే తనకు కావలసిన కరెంటు తానే పుట్టించుకుని, అంతకు మించి చుక్క వాడనిది; ఫ్యాన్లూ లైట్లూ తలుపులూ అన్నీ తానే చూసుకునేది. తమ్ముడు నిఖిల్ ఆ పని మొదలుపెట్టగానే ప్రవల్లిక కొంగు బిగించింది. పుట్టిన దగ్గర్నుంచి యాభై ఐదేళ్లుగా ఆమె ఉంటున్నది ఆ ఇంట్లోనే. మూడు నెలలు పనివాళ్లతో పాటు గోడల్లో కొబ్బరి పీచు కూరింది, అరచేతులు కొట్టుకుపోయేలా కిటికీ సందులు పూడ్చింది.

తనిఖీ అధికారి వచ్చి, "ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" అనడిగాడు.

"ఇద్దరమేనండి. నేనూ, మా ఆవిడా."

"మరి ఈవిడ?"

"మా అక్కండి. చుట్టపుచూపుగా వచ్చింది. శుక్రవారం వెళ్లిపోద్ది" అన్నాడు నిఖిల్.

అధికారి పత్రమిచ్చి వెళ్లాక తమ్ముడు ప్రవల్లిక దగ్గరకొచ్చాడు.

"ముగ్గురంటే సున్నా రాదక్కా. ఉత్త కాగితం మాటే, నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు."

ఇల్లు మాత్రం కాగితాన్నే నమ్మింది. శుక్రవారం మధ్యాహ్నం చుట్టం గడువు తీరిందని ఆమె గదిలో ఫ్యాను ఆపేసింది.

"మా గదిలోకొచ్చి పడుకోండి వదినా" అని మరదలు పిలిచింది.

ప్రవల్లిక వెళ్లలేదు. బట్టలు సంచిలో సర్దుకుంది.

"అడిగుంటే నేనే తప్పుకుందును కదరా" అంది తమ్ముడితో.

ఆమె గడప దాటుతుంటే తలుపు మర్యాదగా, "మా ఇంటికి వచ్చినందుకు సంతోషం, మళ్లీ రండి" అంది.