ముందు లోపలికెళ్ళినాయన

"ఏమయ్యా, మేమంతా ఇక్కడ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నామా?"

అక్క గొంతుకి ఆస్పత్రి వరండా అంతా ఇటు తిరిగింది.

గళ్ళ చొక్కా ఆయన అందరికంటే చివర వచ్చాడు. వచ్చీ రాగానే నర్సు వెంట నేరుగా గది గుమ్మం దాకా వెళ్ళిపోయాడు. వెన్నులో సూది గుచ్చి నీళ్ళు తీసే గది అది.

"కోప్పడకండమ్మా. ఈయన్ని ముందు పంపకపోతే పారిపోతాడు. ఇప్పటికి రెండుసార్లు ఇలాగే గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయాడు" అంది నర్సు.

బెంచీల మీద నవ్వులు.

"ఒడ్డూ పొడుగూ చూస్తే వస్తాదులా ఉన్నాడు, సూదికి భయమట!" అంది అక్క.

చెల్లెలు మాత్రం నవ్వలేదు. నవ్వే ఓపిక లేదు ఆమెకు.

ఆమె సిటీ బస్సు డ్రైవరు. డిపోలో చిన్నా పెద్దా అందరూ డ్రైవరమ్మా అనే పిలుస్తారు. కొన్నాళ్ళుగా కుడికన్ను ముందు పొగ కమ్మినట్టుంటోంది. బ్రేకు మీద కాలు ఉందో లేదో తెలియడం లేదు. మేనేజరు ఆమెను బస్సు దింపి టికెట్ల గదిలో కూర్చోబెట్టాడు.

"జబ్బేమిటో తేలేదాకా స్టీరింగు ముట్టుకోకు తల్లీ" అన్నాడు.

అదే తేలడం లేదు. తల స్కానింగులో మచ్చలు కనిపించాయి. అవి ఇంకెందువల్లనైనా రావచ్చన్నారు. గట్టిగా చెప్పాలంటే వెన్నులో నీళ్ళు కూడా చూడాలన్నారు. ఆ పరీక్ష ఇక్కడ ఆగిపోయిందని తిప్పి తిప్పి, ఇన్నాళ్ళకు రమ్మన్నారు. ఈలోగా పక్కింటి పిన్ని ఒకటే పాట. వెన్నులో గుచ్చితే కాళ్ళు పడిపోతాయట.

"ఏమీ అనుకోకండమ్మా, చాలా భయంగా ఉంది" అన్నాడు గళ్ళ చొక్కా ఆయన, డ్రైవరమ్మ వైపు తిరిగి.

"మాకు సరదాగా ఉందనుకున్నారా? లోకంలో జబ్బు మీ ఒక్కరికే వచ్చినట్టు!" అంది ఆమె విసురుగా.

ఆయన గుమ్మం దాటి లోపలికెళ్ళాడు.

కాసేపటికి తలుపు వెనక నుంచి "అమ్మో!" అని ఒక కేక.

ఆమెకు ఉన్న కాస్త ధైర్యమూ ఆవిరైపోయింది.

తీరా తన వంతు వచ్చాక అంత ఘోరమేమీ జరగలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టారు. మోకాళ్ళు గడ్డానికి ఆనించి ముడుచుకోమన్నారు. చీమ కుట్టినట్టు ఒక మత్తు సూది, తర్వాత నడుములో ఎవరో బొటనవేలితో నొక్కినట్టు ఒక ఒత్తిడి. చేతిలోంచి కూడా కాస్త రక్తం తీసుకున్నారు. అయిపోయింది.

ఇంతోటి దానికా ఆయన అంత గోల చేసింది! ఆమెకు ఒళ్ళు మండింది.

పక్క గదిలో వెల్లకిలా పడుకోబెడితే, పక్క మంచం మీద ఆయనే.

"నొప్పి పుట్టిందా అమ్మా?"

"మీ కేకకే సగం ప్రాణం పోయింది. ఇక నొప్పి ఎక్కడ తెలుస్తుంది?"

"తప్పయిపోయింది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు."

చేత్తో తల పట్టుకున్నాడు. తలనొప్పి మొదలైనట్టుంది. వెంట ఎవరూ లేరు. ఆమెకు జాలేసినా కోపం దిగలేదు.

"మీవాళ్ళెవరూ రాలేదా?"

"మా ఆవిడకి చెప్పకుండా వచ్చాను. తెలిస్తే నన్ను బతకనివ్వదు."

"బాగుంది సంబడం! ఇలాంటివి ఇంట్లో దాస్తారా ఎవరైనా? రేపు కాళ్ళూ చేతులూ ఆడకపోతే చేయాల్సింది ఆవిడే కదా?"

ఆయన నవ్వాడు.

వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని ఆమె మంచం దగ్గర ఆగాడు.

"మీకు మంచే జరుగుతుందమ్మా."

ఆమె కళ్ళు మూసుకుని నిద్ర నటించింది.

వారం తిరిగాక డాక్టరమ్మ పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది.

"మల్టిపుల్ స్క్లీరోసిస్. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే నీ నరాల పైపొరను కొరుకుతున్నాయి. మచ్చలతో పాటు వెన్ను నీళ్ళు కూడా అదే చెబుతున్నాయి, ఇక అనుమానం లేదు. పూర్తిగా పోయే జబ్బు కాదు. కానీ తొందరగా పట్టుకున్నాం. రేపే మందు మొదలుపెడదాం."

"మళ్ళీ బస్సు నడపగలనా?"

"ఇప్పుడే మాటివ్వలేను. కన్నూ కాలూ కోలుకుంటే పరీక్షించి చూద్దాం. ఆశ మాత్రం ఉంది."

అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. డ్రైవరమ్మ ఏడవలేదు. పేరు తెలియని భయం కంటే పేరున్న జబ్బే నయమనిపించింది. లేవబోతూ ఆగింది.

"ఆ రోజు నాకంటే ముందు వెళ్ళినాయనకి ఏమని వచ్చింది డాక్టరుగారూ? పాపం ఇంట్లో కూడా చెప్పలేదట. నేను నోటికొచ్చినట్టు అన్నాను. మళ్ళీ వస్తే కనిపించి నాలుగు ధైర్యం మాటలు చెప్పాలనుంది."

"ఇక రాడమ్మా. ఆయన మా పేషెంటు కాదు, లిఫ్టు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు."

"మరి సూదెందుకు గుచ్చారు?"

"ఈ పరీక్ష మా ల్యాబుకి కొత్త. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నీళ్ళు కూడా ఉంటేనే, వాటితో పోల్చి మీలాంటివాళ్ళవి తేల్చగలం. కొందరు ఇచ్చారు. ఇంకొక్కరిది తక్కువై మీ పరీక్షలన్నీ ఆగిపోయాయి. ఎవరిని అడిగినా వెన్నులో సూది అనగానే దండం పెట్టేశారు. లిఫ్టు దగ్గర మేం ఆ మాటే అనుకుంటుంటే విన్నాడు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఒంట్లో ఏ నలతా లేని మనిషి, సూదంటే అంత భయం పెట్టుకుని కూడా, మీ అందరికోసం తనంతట తానే వచ్చి గుచ్చించుకుని వెళ్ళాడు."