ఐదుకి ఐదు

"నీళ్లకి ఐదుకి ఐదు వేసుకోండి సార్," అంది గుడారం ముందు నిలబడ్డావిడ.

సర్వేకి వచ్చినతను గడి మీద పెన్ను పెట్టాడు.

"వేయకు బాబూ!"

నీళ్ల డ్రమ్ము పక్కన, బోర్లించిన బకెట్టు మీద ఓ నడివయసు మనిషి కూర్చుని ఉంది.

గుడారం ఆవిడ మొహం మాడ్చుకుంది. "ఆవిణ్ణి పట్టించుకోకండి. వచ్చి నాలుగు రోజులైంది, అందరితో పేచీయే. అడ్డుపుల్ల అత్త అంటాం. నీళ్ల లారీ డ్రైవరు కూడా ఆవిణ్ణి చూస్తే అద్దం ఎత్తేస్తాడు."

వరద తీసి తొమ్మిది రోజులు. బడి మైదానంలో ఆరు వరుసల గుడారాలు. వీళ్లకి అందిన సాయం ఎంతవరకు పనిచేసిందో కొలిచి, సాయంత్రానికి పంపడం అతని పని. తిండికి ఇన్ని, మందులకి ఇన్ని, నీళ్లకి ఇన్ని. ఐదొస్తే ఇక ఎవరూ ఇటు తిరిగి చూడరు.

ఐదు అంకె రాయాలంటే అతనికి ఇప్పటికీ భయం.

పోయినేడాది ఇంకో శిబిరంలో ఒక తల్లి ఇలాగే "అంతా బాగుంది, ఐదు వేసుకో" అంది. వేశాడు. వారం తిరక్కుండా ఆమె కూతురు వాంతులు, విరేచనాలతో పోయింది.

ఆ తల్లి మొహం ఎంత ప్రయత్నించినా గుర్తురాదు. ఆ రోజు అతను కాగితం మీంచి తల ఎత్తలేదు.

మొహం తెలియని మనిషిని క్షమించమని ఎలా అడగాలి?

"చివరి వరుస చూశావా బాబూ?" అంది అత్త.

"నిన్ననే. అక్కడా అందరూ ఐదే చెప్పారు."

"చూశావా, అడిగావా?"

అతనికి చిరాకేసింది. "లేనిదానికి ఐదు ఎందుకు చెబుతారండీ?"

"వంక పెడితే రేపు ఆ కాసినీ రావని భయం. పైగా ఎండన పడి వచ్చినవాడివి, నిన్ను చిన్నబుచ్చడం ఎందుకని."

"ఆ మాట మీరే శిబిరం సూపర్‌వైజరుకి చెప్పొచ్చుగా?"

"చెప్పాను. నా నోటికి విలువ లేదు, నీ కాగితానికే ఉంది. మధ్యాహ్నం లారీ వచ్చి వెళ్లాక, రెండింటికి చివరి వరుసకి వెళ్లి చూడు. ఇచ్చారా అని అడక్కు. తల ఎత్తి, బిందెలోకి చూడు."

ఇంకా నలభై ఫారాలున్నాయి. అయినా రెండింటికి వెళ్లాడు.

చివరి వరుసలో తొమ్మిది బిందెలు. ఒక్కొక్కటే వంచి చూశాడు. ఎనిమిది ఖాళీ. తొమ్మిదోదాంట్లో మట్టిరంగు నీళ్లు.

"ఇవెక్కడివమ్మా?"

"వెనకాల కాలవలోవి," అంది ఆ గుడారం అమ్మాయి, తల వంచుకుని. "లారీ నీళ్లు నాలుగో వరుసకే అయిపోతాయి సార్."

"నిన్న ఐదు అన్నావు కదా!"

"మీరు అంత మర్యాదగా అడుగుతుంటే..."

లోపల చాప మీద ఆమె నాలుగేళ్ల కూతురు ముడుచుకుని ఉంది. కళ్లు లోతుకి పోయాయి.

"పొద్దుట్నుంచీ విరేచనాలు," అంది తల్లి.

అతను ఫారాలు అక్కడే పడేసి పాపని ఎత్తుకున్నాడు.

శిబిరం డాక్టరమ్మ గదిలో సెలైన్ పెట్టారు. పాప కాళ్ల దగ్గర కూర్చుని, బొట్టు బొట్టుగా దిగే నీటినే చూస్తూ ఉండిపోయాడు.

నాలుగున్నరకి పాప పెదాలు కదిపింది. "నీళ్లు."

"ఇంక భయం లేదు," అంది డాక్టరమ్మ. "రాత్రిదాకా ఆగి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు."

ఏడాదిగా ఛాతీలో ఎక్కడో బిగుసుకుపోయిన ఊపిరి బయటికొచ్చింది. అంతసేపు ఊపిరి బిగబట్టి మనిషి బతకగలడని అతనికి అప్పటిదాకా తెలియదు.

అతను సూపర్‌వైజరుకి చెప్పడంతో సాయంత్రానికి రెండో లారీ నేరుగా చివరి వరుసకి వచ్చింది. నీళ్ల గడిలో అతను ఒకటి వేశాడు. ఒకటి మార్కుకి ఇంత సంతోషపడ్డవాడు లోకంలో ఇంకొకడు ఉండడనుకున్నాడు. ఫారం అడుగున తన చేత్తో ఇంకో గడి గీశాడు: 'బిందెలో ఇప్పుడు ఎన్ని నీళ్లున్నాయి?'

అత్తకి చూపిద్దామని పరిగెత్తాడు.

బకెట్టు మాత్రమే ఉంది.

"వెళ్లిపోయిందండీ, ఏటవతలి శిబిరానికి," అన్నాడు సూపర్‌వైజరు. "అసలు మా జాబితాలో ఆవిడ పేరే లేదు. శిబిరాలన్నీ తిరుగుతుందట. బిందెలు చూడ్డం, పోట్లాడ్డం, పోవడం. పాప నీళ్లడిగిందని తెలిసేదాకా మాత్రం డాక్టరమ్మ గుమ్మం బయటే నిలబడింది."

"నాకేమైనా చెప్పిందా?"

"చెప్పింది గానీ, నాకేం అర్థం కాలేదు." సూపర్‌వైజరు తల గోక్కున్నాడు. "'పోయినేడాది నా బిడ్డ తాగే నీళ్లకి ఐదు వేసుకోమని ఆ బాబుకి అబద్ధం చెప్పాను, ఈసారి నిజమే చెప్పానని చెప్పండి' అంది."